మేస్త్రీకి అందని రెండేళ్ల చదువు

ఇచ్ఛాపూర్ అనగానే తెలుగు పాఠకులకు శ్రీకాకుళం జిల్లా అంచున ఉన్న ఇచ్ఛాపురం గుర్తుకు రావడం సహజం. ఈ ఇచ్ఛాపూర్ మాత్రం సూరత్ నగరానికి పడమట, హజీరాకు వెళ్లే దారిలో ఉంది. రెండు ఊళ్లకూ పేరుతో పాటు వలసతోనూ చుట్టరికం ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మన ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో భాగం. ఆ గంజాం నుంచి తరలివెళ్లిన వేలాది కుటుంబాలకు నేడు సూరత్ మరమగ్గాలే జీవనాధారం. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలదీ అదే బతుకు. ఆ మగ్గాల షెడ్లను, ఇచ్ఛాపూర్ పారిశ్రామిక వాడను, హజీరా ఉక్కు, ఎరువుల కర్మాగారాలను కట్టడంలోనూ వలస కూలీల చెమట ఉంది.

దక్షిణ గుజరాత్ శ్రామికుల జీవితాన్ని 1960ల నుంచి దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ రచనల్లో ఒక మనిషి పదేపదే కనిపిస్తాడు. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఊళ్ల నుంచి కూలీలను పోగుచేసి, పని చోటుకు చేర్చి, అజమాయిషీ చేసే మధ్యవర్తి. అక్కడ అతడు ముకద్దం. మన పాలమూరులో గుంపు మేస్త్రీ. ఈ దేశంలో కట్టడం పనిని రోజువారీగా నడిపించేది ఇతడే. నిర్మాణ నిర్వహణ పేరుతో వచ్చిన చదువుల్లో చోటు దక్కనిదీ ఇతడికే.

ఈ వెలి ఇవాళ్టిది కాదు. కుంపిణీ ప్రభుత్వం 1794లో మద్రాసులో సర్వే స్కూలు పెట్టింది. కాలక్రమంలో అదే గిండీ ఇంజనీరింగ్ కళాశాల అయింది. గంగా కాలువ తవ్వకానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు 1847లో రూర్కీ కళాశాల పుట్టింది. అక్కడ చదువును నిచ్చెన మెట్లుగా పేర్చారు. పై మెట్టు ఇంజనీర్లది, నడిమి మెట్టు ఓవర్సీర్లది, దేశభాషలో నేర్చుకునే కింది మెట్టు సబ్ ఓవర్సీర్లది. మొదటి రెండింటిలోనూ తెల్లవారిదే ఆధిక్యం. సూరత్ నాడు బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీలో 1854లో పుణెలో మొదలైన ఇంజనీరింగ్ తరగతి కూడా ప్రజాపనుల శాఖ కింది ఉద్యోగుల కోసమే. ప్రభుత్వానికి తొందర ఉన్నప్పుడల్లా నడిమి మెట్టు అవసరం తెలిసివచ్చింది. అయితే ఆ మెట్టు కూడా లెక్కలు రాసే ఉద్యోగి దగ్గరే ఆగిపోయింది. తాపీ పట్టిన చేతి దాకా దిగిరాలేదు.

ధవళేశ్వరం ఆనకట్టే ఇందుకు సాక్ష్యం. 1847 నుంచి 1852 వరకు సాగిన ఆ పనిలో ఆర్థర్ కాటన్‌తో పాటు వీణం వీరన్న పేరు నిలిచింది. రాళ్లు మోసిన, సున్నం కలిపిన గుంపులను నడిపిన పెద్దల పేర్లు చరిత్రకెక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ దూరం తగ్గాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. యంత్రాల కన్నా మనుషుల మీదే ఎక్కువగా ఆధారపడి, రాతితో కట్టిన మహా కట్టడమది. 1967లో కాలువలకు నీళ్లు వదిలే నాటికి ఆ గట్టు మీద పని నేర్చిన మేస్త్రీలు ఒక సైన్యమంత ఉండి ఉంటారు. వారి విద్యకు గుర్తింపు దొరకలేదు. అక్కడి నుంచి వారు మరో ప్రాజెక్టుకు, మరో రాష్ట్రానికి మూటా ముల్లె సర్దుకున్నారు.

ఈలోగా రెండేళ్ల చదువులు రెండు దిక్కుల్లో వెలిశాయి. 1950లో మొదలైన శిక్షణ పథకం కింద ఐటీఐలలో పదో తరగతి పాసైన పిల్లలకు సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు వచ్చింది. నిర్మాణ పరిశ్రమ చొరవతో 1983లో నెలకొన్న నిక్మార్, ఇంజనీరింగ్ పట్టభద్రులకు నిర్మాణ నిర్వహణలో రెండేళ్ల పీజీ కోర్సు నడిపింది. హైదరాబాద్ శివారు శామీర్‌పేట ప్రాంతంలోనూ దానికి ప్రాంగణం ఉంది. ఒకటి పని అనుభవం లేని కుర్రవాడికి, రెండోది డిగ్రీ ఉన్న యువకుడికి. ఇరవై ఏళ్లు ఇటుక మీద ఇటుక పేర్చినవాడు రెండింటికీ అనర్హుడే. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్‌లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) కొంత మేలు చేసింది. వేలాది యువకులకు తాపీ, కరెంటు, ప్లంబింగ్ పనులు నేర్పింది. అవి స్వల్పకాలిక శిక్షణలు. కూలీని మేస్త్రీగా, మేస్త్రీని సూపర్‌వైజరుగా, సూపర్‌వైజరును ఇంజనీరుగా ఎదగనిచ్చే నిచ్చెన మాత్రం నేటికీ లేదు.

ఇది కేవలం సర్టిఫికెట్ల గొడవ కాదు. 2019 మే 24న సూరత్‌లోని తక్షశిల ఆర్కేడ్ మంటల్లో 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. 2024 జూలైలో అదే నగరం సచిన్ ప్రాంతంలో పదేళ్లు కూడా నిండని భవనం కూలి ఏడుగురు మరణించారు. ఇలాంటి ప్రతి ఘోరం తర్వాత యజమాని పేరు, అధికారి పేరు వినబడతాయి. వారిని శిక్షించవలసిందే. అయితే పని సాగుతున్నప్పుడే 'ఇది తప్పు, ఆపండి' అనగలిగే స్థానంలో ఎవరున్నారన్న ప్రశ్న ఎవరూ వేయరు. చదువు ఇచ్చేది జ్ఞానం ఒక్కటే కాదు, కాదనగల హక్కు కూడా. మేస్త్రీకి తప్పు కనబడుతుంది. దాన్ని ఆపే అధికారం లేదు. ఎదురుచెబితే రేపు మరో మేస్త్రీ వస్తాడు.

అమెరికాలో రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలు శతాబ్దం పైగా ఉన్నాయి. పగలు పనిచేసే వడ్రంగి సాయంత్రం తరగతులకు వెళ్లి నిర్మాణ నిర్వహణలో అసోసియేట్ డిగ్రీ పొందవచ్చు. అదే చదువును కొనసాగించి ఇంజనీరింగ్ వైపూ మళ్లవచ్చు. మన మేస్త్రీ రెండేళ్లు పని మానలేడు, నిజమే. అందుకే సాయంత్రపు బడి కావాలి, తెలుగులో పాఠం కావాలి, కోల్పోయే కూలికి బదులు భృతి కావాలి.

డబ్బు లేదనడం కుదరదు. 1996 నాటి చట్టం కింద నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని కార్మికుల సంక్షేమం కోసం సెస్సుగా వసూలు చేశారు. 37,400 కోట్ల రూపాయలకు పైగా పోగైతే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. శిక్షణ కూడా సంక్షేమమే కదా! గుత్తేదార్లు చట్టసభల్లో బారులు తీరిన ఈ కాలంలో వారి పెండింగు బిల్లుల కోసం గొంతెత్తేవారికి కొదవలేదు. కార్మికుల పేరిట మూలుగుతున్న సొమ్ముతో మేస్త్రీకి ఒక బడి పెట్టమని అడిగే గొంతు ఇంతవరకు ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ బలంగా వినబడలేదు.