కాశీరాజు తవ్వించిన ఇంగ్లిష్ ఊరి బావి

ఇంగ్లండ్‌లో నీళ్లకు కటకటలాడిన ఊరుందంటే మా అనంతపురంలో ఎవరూ నమ్మరు. ఏడాది పొడుగునా ముసురుపట్టే దేశంలో నీటికరువేమిటి అంటారు. భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకా మాట వింతగా తోచదు. వాన ఎంత కురిసిందన్నది సగం లెక్కే. కురిసిన నీటిని నేల ఎక్కడ దాచుకుందన్నది మిగతా సగం. రెడింగ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ రెండో సగాన్ని చూడటానికి స్టోక్ రో అనే ఊరికి వెళ్లొస్తుంటాను. రెడింగ్‌కు ఉత్తరాన తొమ్మిది మైళ్లు. చిల్టర్న్ కొండల మీద, బీచ్ చెట్ల అడవుల మధ్య ఉంటుంది. వెయ్యిమంది కూడా లేని ఊరు.

ఆ కొండలన్నీ సుద్దరాయి. సుద్ద నిండా సన్నటి పగుళ్లు. పడ్డ వాన పడ్డట్టే ఆ పగుళ్ల గుండా దిగిపోయి, ఎక్కడో అడుగున నిలుస్తుంది. కొండ మీద వాగు గానీ ఊట గానీ కనిపించదు. పైపొరగా మాత్రం చెకుముకిరాళ్లు కలిసిన బంకమన్ను పరుచుకుని ఉంటుంది. అందులో గుంట తవ్వితే వాననీరు కొన్నాళ్లు నిలబడుతుంది. స్టోక్ రో వాళ్లు తరతరాలుగా బతికింది ఆ గుంటల నీళ్ల మీదే. మన్ను తవ్వి వదిలేసిన గోతుల్లో మురికినీళ్లు కూడా తోడుకునేవారు. వేసవిలో అవీ ఎండిపోతే బట్టలుతకడం వాయిదా పడేది. కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయకుండా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మార్చుకునేవారట. ఈ మాట చదివినప్పుడు నాకు మా తాలూకాలో నడివేసవి ట్యాంకర్ల చుట్టూ చేరే బిందెలు గుర్తొచ్చాయి.

నీళ్లు లేనిచోట జనం ఎందుకు చేరారన్న ప్రశ్నకు జవాబు అక్కడి పాత పొలిమేరల్లో ఉంది. కింద థేమ్స్ లోయలోని ఇప్స్‌డెన్, మంగ్‌వెల్, న్యూనమ్ మరెన్ వంటి ఊళ్ల సరిహద్దులు సన్నగా, పొడుగ్గా కొండమీదికి సాగేవి. కింద నీళ్లూ పొలాలూ, పైన కట్టెలూ మేతా. ఆ సరిహద్దుల పైకొసల్లో స్థిరపడ్డ బీదవాళ్ల ఇళ్ల వరసే స్టోక్ రో. తమదంటూ ఒక చర్చి 1846లో గానీ రాలేదు. చెకుముకిరాయితో కట్టిన ఆ చిన్న చర్చి ఇప్పటికీ ఉంది. మగవాళ్లకు అడవే బతుకుతెరువు. బీచ్ కొయ్యను చెట్ల నడుమే చిత్రికపట్టి, కుర్చీకాళ్లు చేసి హై వికమ్ కుర్చీల తయారీదారులకు పంపేవారు. తర్వాతి కాలంలో సైన్యపు గుడారాలకు మేకులు చెక్కారు.

ఈ ఊరి గోడు కాశీదాకా చేరడానికి కారణం ఎడ్వర్డ్ యాండర్డన్ రీడ్. ఇప్స్‌డెన్‌లో భూములున్న కుటుంబం ఆయనది. నవలాకారుడు చార్లెస్ రీడ్ ఆయన తమ్ముడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి వాయవ్య రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1831లో ఆజమ్‌గఢ్‌లో జనం కోసం ఒక బావి తవ్వించడంలో ఆయన చెయ్యి ఉంది. 1860లో స్వదేశానికి వెళ్లిపోతూ, ఆ బావి ఎప్పటికీ అందరిదిగా ఉండాలని కోరి వెళ్లాడు. కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ సింగ్‌తో ఆయనకు స్నేహం. మాటల్లో ఎప్పుడో తన ఊరి పక్క కొండ మీద జనం నీళ్లకు పడే పాట్లు చెప్పాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేశాడని ఒక పిల్లవాణ్ని తల్లి కొట్టిందన్న ముచ్చట కూడా అందులో ఉంది. రాజు ఆ మాట మరిచిపోలేదు. ఇంగ్లండ్‌లో ఏదైనా దానం చేయాలనుకున్నప్పుడు రీడ్ సలహా అడిగాడు. ఆ ఊరికి బావి తవ్వించాలని తేలింది.

1863 మార్చిలో పని మొదలైంది. బావి వెడల్పు నాలుగడుగులు. లోతు 368 అడుగులు. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్ ఎత్తు 365 అడుగులు. దాన్ని శిలువతో సహా ఇందులో దించినా పైకి కనిపించదు. ఆ లోతంతా మనిషి చేత్తో తవ్వినదే. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వందల అడుగుల బోర్లు వేయించాను. అప్పుడు కిందికి దిగింది ఇనుప గొట్టాలు. ఇక్కడ దిగింది మనిషి. నాలుగడుగుల వెడల్పులో చేతులు బారచాపే వీలుండదు. తవ్విన సుద్ద బొక్కెనలో పైకి పోతుంటే, అందులోంచి ఒక్క చెకుముకిరాయి జారినా కింద ఉన్నవాడి ప్రాణం దక్కదు. కొంత లోతు పోయాక ఊపిరాడే గాలి కూడా నమ్మకం కాదు. బావి మీది గుమ్మటం కింద, నీళ్లు తోడే యంత్రంపై నిలబెట్టిన బంగారు రంగు ఏనుగు బొమ్మ ముందు ఫొటోలు దిగే వాళ్లందరినీ నేను కోరేది ఒకటే: ఒకసారి వంగి కిందికి చూడండి.

1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని ఊరికి అప్పగించారు. తవ్వకానికి అయిన ఖర్చు 353 పౌండ్లు. పైన 23 అడుగుల ఎత్తున ఇనుప స్తంభాల మీద గుమ్మటం. నీళ్లు తోడే యంత్రాన్ని వాలింగ్‌ఫర్డ్‌లోని వైల్డర్ కార్ఖానా చేసిచ్చింది. చక్రం తిప్పితే ఒక బొక్కెన పైకి వస్తుంటే ఇంకోటి కిందికి పోతుంది. సెకనుకు అడుగు చొప్పున లాగినా ఒక్క బొక్కెన రావడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. అంత శ్రమకూ జనం సిద్ధపడ్డారంటే అంతకు ముందు వాళ్ల అవస్థ ఎలాంటిదో ఊహించవచ్చు.

నా దృష్టిలో ఈ దానం గొప్పతనం దాని తర్వాతి ఏర్పాటులో ఉంది. బావి పక్కనే కావలివాడికి 74 పౌండ్లతో చిన్న ఇల్లు కట్టించారు. ఆనుకుని నాలుగెకరాల చోటు కొని చెర్రీ తోట వేశారు. రాజు పేరు మీద దాన్ని ఈశ్రీ బాగ్ అన్నారు. చెర్రీలు అమ్మిన డబ్బు బావి పోషణకు వెళ్లాలి. బాధ్యత చూసుకోవడానికి ధర్మకర్తలను పెట్టారు. నీళ్లకు ఎవరూ రుసుము కట్టనక్కర్లేదు. తాడు తెగుతుంది, పళ్లచక్రం అరుగుతుంది, కావలివాడికి పెళ్లాంబిడ్డలుంటారు. వీటన్నిటికీ మొదటి రోజే దారి చూపించారు. అందుకే గొట్టాల్లో నీళ్లు వచ్చేదాకా రెండు మూడు తరాలు ఆ బావి ఊరిని సాకింది.

ఇందులో రాజకీయం లేదని నేననను. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి ఆరేళ్లే. ఆంగ్లేయుల పక్షాన నిలిచిన సంస్థానాధీశులు తమ విధేయతను కనబరచుకునే రోజులవి. 1882లో రాణి హత్యాయత్నం నుంచి బయటపడినప్పుడు కాశీరాజు ఖర్చుతో స్టోక్ రో వాళ్లకు విందు జరిగింది. రొట్టె, తేయాకు, చక్కెర పంచారు. ఆ డబ్బు గంగ ఒడ్డు రైతులు కట్టిన శిస్తే. 1860-61లో వాయవ్య రాష్ట్రాలు పెద్ద కరువు చూశాయి. కాశీరాజు సొమ్ము ఆ పల్లెల్లోనే ఎన్ని బావులకు సరిపోయేదో అనిపించడం న్యాయమే. అయినా దాహంతో ఉన్న కొండవాసులకు ఆ లెక్కలతో పనిలేదు. ఎదుటివాడి దొరతనాన్ని పక్కనపెట్టి అతని ఊరి బీదవాళ్లను చూడగలిగిన చూపు నాకు నచ్చింది.

మనకు ఇంకో దగ్గరి ముడి కూడా ఉంది. విజయనగరం మహారాజు విజయరామ గజపతి వయసులో కొన్నేళ్లు కాశీలో గడిపారు. స్టోక్ రో బావి తెరిచిన నాలుగేళ్లకు, 1868లో, ఆయన ఇచ్చిన మంచినీటి ఫౌంటెన్ లండన్ హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చ్ దగ్గర వెలిసింది. గోథిక్ శైలిలో అందంగా కట్టిన ఆ ఫౌంటెన్‌ను 1964లో తీసేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఒక రాతిఫలకం మాత్రమే. అదే 1964లో స్టోక్ రో తన బావికి నూరేళ్ల పండుగ చేసుకుంది. ప్రిన్స్ ఫిలిప్ వచ్చారు. గంగాజలం తెచ్చి బావిలో కలిపారు. తర్వాత మరమ్మతులు చేసి, రంగులు వేసి, నేటికీ చక్కగా చూసుకుంటున్నారు. తెలుగు రాజు కానుక పోయి, కాశీరాజు కానుక నిలిచినందుకు బాధపడకుండా ఉండలేను. మహానగరంలో పార్కు దారులు మారుతుంటాయి. స్టోక్ రోలో బావి చుట్టూ ఒక ఊరుంది, ఆ బావి తమదనుకునే మనుషులున్నారు.

తటాకాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా ఎంచిన జాతి మనది. రెడింగ్‌లో నేను కలిసిన తెలుగు పిల్లల్లో చాలామంది సొంత ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు పెట్టించడానికి చందాలు పోగుచేస్తున్నారు. మంచి పని, చేయాల్సిన పని. కానీ వడపోత పొర చిల్లిపడ్డాక తాళం వేసిన షెడ్లను మా జిల్లాలో కళ్లారా చూశాను. గోడ మీద దాత పేరు నిగనిగలాడుతూ ఉంటుంది, కొళాయిలో చుక్క ఉండదు. వాళ్లకు నేను చెబుతున్నది ఇదే: శిలాఫలకం చెక్కించే ముందు, దాన్ని నడిపే మనిషి జీతం పదేళ్లపాటు ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాయండి. వీలైతే ఒక వారాంతం స్టోక్ రో వెళ్లి, ఏనుగును చూశాక ఆ కావలివాడి ఇంటినీ చెర్రీ తోట జాగానూ కూడా చూసి రండి.