సీతాఫలము: రెండు పేర్ల చరిత్ర

ఖరగ్‌పూరు రైలుపట్టణమున శరత్కాలమందు ఒకే తట్టలోని పండును తెలుగువారు సీతాఫలమని, వంగీయులు ఆతా అని పిలుతురు. ఆంగ్లేయులు దానికి కస్టర్డ్ ఆపిల్ అని పేరిడిరి గాని, ఆపిలుతో దానికి జాతిసంబంధ మేమియు లేదు. ఈ పేర్లలో ఏది ఆ పండు చరిత్రను నిజముగా చెప్పుచున్నదో విచారింపదగును.

సీత పేరు వినినంతనే ఇది రామాయణకాలమునుండి మన అడవులలో నున్నదని మనస్సు నమ్మును. రామాఫలము, లక్ష్మణఫలము అను దాయాదులు ఆ నమ్మికను బలపరచును. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1879లో వెలువరించిన భార్హుత్ స్తూప గ్రంథమున, అచటి శిల్పములందు ఈ పండును గుర్తించి, ఇది ప్రాచీన భారతీయమేయని వాదించెను. వృక్షశాస్త్రజ్ఞులలో పెక్కురు దీని నంగీకరింపలేదు. దీని పుట్టిల్లు అమెరికాలోని ఉష్ణదేశములనియు, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట ఇచటికి వచ్చినదనియు వారి మతము. ఆతా అను మాటకు మూలము మెక్సికో దేశపు అహతే అని నిఘంటుకర్తలందురు. వంగీయులు రామాఫలమును నోనా యందురు. అదియు అనోనా అను విదేశీయ నామమే.

ఈ చెట్టు 10 నుండి 20 అడుగుల పొట్టిచెట్టు. రాతిగుట్టలపైనను ఎఱ్ఱకంకర నేలలందును నీరు పెట్టకయే బ్రతుకును. ఆకులను మేకలు ముట్టవు. కనుక కంచె అక్కరలేదు. పూవున ఆడుభాగము ముందు పక్వమై, పుప్పొడి తరువాత రాలును. చిన్న పురుగులు ఒక పూవు పుప్పొడిని మరియొకదానికి చేర్చిననే కాయ నిలుచును. కన్నుల నడుమ గీతలు విచ్చి తెల్లబారినపుడు కాయను కోసి గడ్డిలో మాగవేయుదురు. రెండు మూడు దినములలో మెత్తబడి, చేయి తగిలిన చిట్లును. చలిపెట్టెలో నుంచిన తొక్క నల్లబారును.

ఇట్టి పండు రైలెక్కి దూరము పోజాలదు. మనుష్యులు మాత్రము పోయిరి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి 1902లో తూర్పుతీరపు మార్గము కటకమువరకు వచ్చినది. 1904లో ఖరగ్‌పూరు కర్మాగారమున పని ఆరంభమైనది. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు అచట స్థిరపడి, తరములు గడచిన పిదప ఆ ఊరివారే యైరి. ఎఱ్ఱనేల కొత్తది, పండు పరిచితము. దానిని తమ పేరుతోనే పిలిచిరి.

అయిన, సీతాఫల మను పేరు అసత్యమా? సీత జనకుని కన్నబిడ్డ కాదు. నాగేటిచాలున దొరికిన బిడ్డ. దొరికినదానిని తనదిగా పెంచుకొనుట ఆ కథలోనే యున్నది. ఆతా యనునది పండు ఎచటనుండి వచ్చినదో చెప్పును. సీతాఫల మనునది మనము దాని నెట్లు చేరదీసితిమో చెప్పును. రెండును చరిత్రయే.

చేరదీసినవారి బాధ్యత మిగిలియున్నది. మహబూబునగరు సీమలోని బాలానగరము పేర ప్రసిద్ధమైన రకమునకు పెద్దకన్నులు, దళమైన గుజ్జు, మెండైన తీపి కలవు. గింజనుండి మొలచినది తల్లిని అచ్చముగా పోలదు. కావున దానిని అంటుకట్టి పెంచుదురు. అడవిచెట్లలో నన్ననో గుట్టకొక రుచి. గుట్టలు చదునుచేసి ఇండ్లస్థలములు వేయుచోట ఆ చెట్లే ముందుగా పోవును. నాటినవాడు లేడు గనుక అడుగువాడును లేడు. కొట్టకముందు మేలైన చెట్టు కొమ్మను తెచ్చి అంటుకట్టుటయైనను చేయనిచో, సీతాఫల మను పేరు మిగిలి, ఆ పేరుగల రుచులు కొన్ని లేకుండ పోవును.