పాత కార్లలో ద్రవాల లీకేజీ

ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ వంటివి కారులోని భాగాల నుంచి బయటికి కారడాన్ని లీకేజీ అంటారు. కారు పాతబడేకొద్దీ రబ్బరు సీళ్లు గట్టిపడి బీటలు వారతాయి, కార్కు ప్యాకింగులు ఎండి కుంచించుకుపోతాయి, ఇనుప గొట్టాలు తుప్పు పడతాయి. ప్యాకింగు మార్చినా మళ్లీ కారుతుంటే చాలాసార్లు లీకు మొదలైన చోటు దొరకలేదనో, ఆయిల్‌ను బయటికి నెడుతున్న ఒత్తిడి అలాగే ఉందనో అర్థం.

ద్రవం గుర్తింపు

రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, నాలుగు చక్రాల స్థానాలను దానిపై గుర్తుపెడితే, తెల్లవారేసరికి ఏ ద్రవం ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. ఇంజన్ ఆయిల్ గోధుమ లేదా నలుపు రంగులో జిడ్డుగా ఉంటుంది. గేర్ ఆయిల్ మరింత చిక్కగా ఉండి, గంధకం వాసన వేస్తుంది. కూలెంట్ ఆకుపచ్చ, గులాబీ లేదా నారింజ రంగులో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ లేత పసుపు రంగులో ఉండి, పెయింటును పాడుచేస్తుంది. ఏసీ నుంచి పడే నీరు లోపం కాదు.

మూలాన్ని వెతకడం

చుక్క పడిన చోటే లీకు ఉండాలని లేదు. ఆయిల్ ఇంజన్ గోడ వెంట కిందికి జారుతుంది. కారు నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే ముందుగా ఇంజన్‌ను డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. కొద్ది దూరం నడిపాక తడి కనిపించే భాగాల్లో అన్నిటికంటే పైన, ముందు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి. అనుమానమున్న చోట టాల్కం పౌడర్ చల్లితే తడి చార స్పష్టంగా కనిపిస్తుంది. ఆయిల్‌లో ప్రత్యేక రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తే లీకు మెరుస్తుంది.

కూలెంట్ వేడి ఇంజన్ మీద ఆవిరై, నేలపై చుక్క పడకుండానే తగ్గిపోవచ్చు. అప్పుడు ఇంజన్ చల్లారాక రేడియేటర్‌కు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి కారితే లోపలి సీలు పోయినట్టు. ముందు సీటులో కాళ్లు పెట్టే చోట తివాచీ తడిసి, తీపి వాసన వస్తే హీటర్‌ను చూడాలి. బయట ఎక్కడా తడి లేకుండా పొగగొట్టం నుంచి ఆగకుండా తెల్లని పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

అంబాసిడర్ ఉదాహరణ

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా రూపొందిన అంబాసిడర్‌ను హిందుస్తాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారుచేసింది. అందులో చాలా ఏళ్లు వాడిన 1489 సీసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు ఉండదు. అక్కడ మరచుట్టులా చెక్కిన గాడి, షాఫ్ట్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ వైపు తోస్తుంది. ఇంజన్ ఆగితే ఆ పని ఆగుతుంది కనుక ఒకటి రెండు చుక్కలు పడటం సహజమే. ఎక్కువగా కారితే ఆయిల్ క్లచ్ ప్లేటుకు చేరి క్లచ్ జారుతుంది.

అయితే పైనున్న ట్యాపెట్ కవర్ నుంచి, పక్కనున్న సైడ్ కవర్ల నుంచి కారిన ఆయిల్ కూడా వెనక్కి పాకి, అక్కడే చుక్కగా పడుతుంది. గేర్‌బాక్స్ దింపే భారీ పనికి ముందు ఈ మూతల ప్యాకింగులు చూడటం తప్పనిసరి. నట్లు అతిగా బిగిస్తే రేకు మూత వంగి లీకు పెరుగుతుంది.

ఒత్తిడి ప్రభావం

పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువులు ఛాంబర్‌లోకి దిగుతాయి. వాటిని బయటికి పంపే బ్రీదర్ గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, కొత్త సీలు గుండా కూడా ఆయిల్ బయటపడుతుంది. కాబట్టి సీలు మార్చే ముందే బ్రీదర్‌ను శుభ్రం చేయాలి.

భద్రత

బ్రేక్ ఆయిల్ కారుతుంటే కారు నడపకూడదు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాలు వెంటనే పరీక్షించాలి. వేడి ఎగ్జాస్ట్‌పై ఆయిల్ పడితే మంటలు రావచ్చు. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ పిల్లలకు, పెంపుడు జంతువులకు విషం. నేలపై పడిన వెంటనే తుడిచేయాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి వెళ్లకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. వాడిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, సేకరించే వారికి అప్పగించాలి.