విండోసులో సందేశముల వరుస

కంప్యూటరుల నడుమ వచ్చిపోవు సందేశములను జాగు లేక అందుకొనుట ఎట్లు? విండోస్ చరిత్రలో ఈ ప్రశ్నకు రెండేండ్లలోపుననే రెండు భిన్నములైన సమాధానములు వెలువడినవి.

1993 జనవరి నాటి విన్‌సాక్ 1.1 ప్రమాణము, బర్క్‌లీ సాకెట్ల పద్ధతిని విండోసునకు తెచ్చెను. ఆనాటి విండోస్ 3.1లో ఒక ప్రోగ్రాము ఎదురుచూచుచు నిలిచినచో తక్కినవన్నియు స్తంభించెడివి. కావున మీట నొక్కుటవలెనే నెట్‌వర్కు వార్తయు ఒక విండో యొక్క సందేశముల వరుసలో చేరునట్లు ఏర్పాటు చేసిరి. యుక్తి మంచిదే. కాని తెరతో పనిలేని ప్రోగ్రాము భాగము సైతము, వార్తల కొరకే కనబడని విండోనొకదానిని కల్పించుకొనవలసి వచ్చెను! ఇల్లు లేనివాడు ఉత్తరము కొరకు గుమ్మము కట్టుకొన్నట్లు.

వేలకొలది కనెక్షనులను భరించు సర్వరుకు ఇది చాలలేదు. ఒక్కొక్క కనెక్షనునకు ఒక్కొక్క థ్రెడ్డును, అనగా ప్రోగ్రాములో విడిగా నడచు పనిపాయను, నియమించినచో వానిని మార్చుటలోనే ప్రాసెసరు కాలము వ్యయమగును. 1994లో విండోస్ ఎన్.టి. 3.5 'కంప్లీషన్ పోర్టు'ను ప్రవేశపెట్టెను. 'వార్త వచ్చినది, తీసికొనుము' అనుటకు మారుగా ఇది 'నీవు చెప్పిన పని ముగిసినది' అని తెలుపును. అట్టి సమాచారమంతయు ఒకే వరుసలో చేరగా, కొలది థ్రెడ్డులు దానిని పంచుకొనును. వార్తలు వచ్చిన క్రమముననే వెడలును. థ్రెడ్డులలో మాత్రము కడపట నిద్రించినదియే ముందు మేల్కొనును. చూచుటకు అన్యాయమే గాని, దాని సామగ్రి ఇంకను ప్రాసెసరు చెంతనున్న క్యాష్‌లో ఉండు అవకాశము హెచ్చు గనుక పని త్వరపడును. ఒకేసారి నడచు థ్రెడ్డులకు సాధారణముగ ప్రాసెసర్ల సంఖ్యయే హద్దు. ఒకటి మధ్యలో ఆగినచో వేరొకటి లేచును. అసలు ప్రతిభ ఈ హద్దునందే ఉన్నదని నా అభిప్రాయము.

2019లో లినక్స్ కూడ 'ఐ.ఓ. యూరింగ్' పేరిట ముగిసిన పనుల వరుసను చేపట్టినది.