రికార్డు గది నుంచి బిల్లు దాకా: మెడికల్ కోడర్ల ధ్రువపత్రం – ఒక చారిత్రక పరిశీలన

రోగ నిర్ధారణను, చేసిన చికిత్సను నిర్ణీత సంకేతాలలోకి మార్చే వృత్తి మెడికల్ కోడింగ్. అమెరికాలో వైద్యునికీ, నర్సుకూ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. కోడర్‌కు అటువంటి నిబంధన లేదు. అయినప్పటికీ అక్కడి ఆసుపత్రులు సాధారణంగా ధ్రువపత్రం ఉన్న కోడర్లకే ప్రాధాన్యమిస్తాయి. చట్టం అడగని అర్హతకు ఇంత విలువ ఏ విధంగా ఏర్పడిందన్నది పరిశీలించదగిన అంశం.

దీని మూలాలు బిల్లులలో లేవు, రికార్డులలో ఉన్నాయి. ప్రతి రోగికీ సమగ్రమైన కేసు రికార్డు ఉండాలన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆసుపత్రులకు విధించిన కనీస ప్రమాణాలలో ఒకటి. ఆ రికార్డులను నిర్వహించే లైబ్రేరియన్లు 1928లో ఆ కాలేజ్ ప్రోత్సాహంతో సంఘంగా ఏర్పడ్డారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన గ్రేస్ వైటింగ్ మయర్స్ తొలి అధ్యక్షురాలు. నేటి 'అహిమా' ఆ సంఘమే. వారి పనికి గీటురాయి రికార్డు పరిపూర్ణత. ఆసుపత్రి ఆదాయం కాదు.

1983లో ఈ స్థితి మారింది. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, ఆసుపత్రికి అయిన ఖర్చును బట్టి కాక, రోగి చేరిన రోగనిర్ధారణ వర్గాన్ని బట్టి ముందే నిర్ణయించిన మొత్తం చెల్లించసాగింది. ఆ వర్గాన్ని నిర్ణయించేది సంకేతాలే. ఒక్క సంకేతం మారితే వర్గం మారవచ్చు. వర్గం మారితే సొమ్ము మారుతుంది. తప్పుడు క్లెయిములపై అంతర్యుద్ధ కాలం నాటి చట్టాన్ని 1986లో సవరించి, నష్టానికి మూడింతలు రాబట్టే వీలు కల్పించారు. ఏఏపీసీ సంస్థ 1988లో ఏర్పడడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. కోడర్ నైపుణ్యానికి పత్రం ఉండడం అప్పటికి యాజమాన్యాల అవసరంగా మారింది.

ధ్రువపత్రం ఒకసారి సంపాదిస్తే చాలదన్న సంగతి 2015 అక్టోబర్ 1న మరింత స్పష్టమైంది. ఐసీడీ-10 అమలుతో రోగనిర్ధారణ సంకేతాలు సుమారు 14 వేల నుంచి 68 వేలు దాటాయి. పాత సభ్యులకు సైతం ఏఏపీసీ ప్రత్యేక ప్రావీణ్య పరీక్ష పెట్టింది. ధ్రువపత్రం విలువను నిజంగా నిలిపింది ఈ పునఃపరీక్షే అనవచ్చు.

హైదరాబాదులో ఫార్మసీ, ఫిజియోథెరపీ, జీవశాస్త్ర పట్టభద్రులు రాసే సీపీసీ పరీక్ష ఈ చరిత్రకు కొనసాగింపు. ఉత్తీర్ణులైనా అనుభవం లేనివారి బిరుదు చివర 'ఎ' అనే అక్షరం, అంటే అప్రెంటిస్, చేరుతుంది. దానిని తొలగించుకోవడానికి సాధారణంగా రెండేళ్ల అనుభవం చూపాలి. ఆ అనుభవం పొందాలంటే ముందుగా ఆ అక్షరంతోనే ఉద్యోగం దొరకాలి. అప్పటికే పరీక్ష రుసుము, శిక్షణ ఖర్చు కుటుంబం భరించి ఉంటుంది.

రికార్డు అస్పష్టంగా ఉంటే ఊహించి సంకేతం వేయరాదనీ, వైద్యునికి ప్రశ్న పంపాలనీ వృత్తి నియమం. 1928 నాటి లైబ్రేరియన్‌కు ఆ వైద్యుడు అదే ఆసుపత్రిలో అందుబాటులో ఉండేవాడు. హైదరాబాదు కోడర్ ప్రశ్న సముద్రం దాటి వెళ్లాలి. రోజువారీ చార్టుల లక్ష్యం నడుమ ఆ ప్రశ్న పంపే వ్యవధి కోడర్‌కు ఉన్నదీ లేనిదీ పరీక్షలో తేలే విషయం కాదు.