చిత్రలేఖనమున ప్రథమ పాఠము

మా ఎల్లంతకుంటలో తెల్లవారకమునుపే వాకిళ్లు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గులు పెట్టుదురు. పలకమీద బలపము సరిగా పట్టనేరని బాలిక సైతము తల్లి ప్రక్కను గొంతుకూర్చుండి, వ్రేళ్ల సందునుండి పిండి జారవిడుచుచు, ముందు చుక్కలు పెట్టి, పిమ్మట వానిని చుట్టుచు గీత లాగును. చుక్కలకు నడిమి ఎడము తప్పదు. గీత బయలుదేరిన చోటికే వచ్చి కలియును. రేఖాగణితము చదివి పరీక్షలు గడచిన మాబోటివారి నా పనికి నియోగించినచో గీత వంకరపోవుట నిశ్చయము. అయినను ఆ బాలికకు చిత్రలేఖనము వచ్చునని ఏ తండ్రియు చెప్పడు. పదేండ్లు నిండునప్పటికి ఆమెయు తనకు రాదనియే చెప్పును. చేతనున్న విద్యను విద్యగా నెరుగకపోవుట మన యిండ్లలో పాతబడిన లోపము.

ఈ విషయమున మేమును నిర్దోషులము కాము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి లెక్కల పుస్తకపుటంచులయందు ఎడ్లను, బండిని, మగ్గము కడ కూర్చున్న తన తండ్రిని గీసియుండగా చూచి, పుస్తకము లాగికొని తరగతి యెదుట మందలించితిమి. అతడు మరల మా యెదుట గీయలేదు. ఆ యెద్దు మాత్రము నేటికిని మా కన్నులకు గట్టియున్నది. మూపురము మొదలు తోకవరకు ఒక్కటే రేఖ. నడుమ చేయి యెత్తిన జాడ లేదు. లెక్క తప్పినందుకు దండించితిమి గాని రేఖ కుదిరినందుకు మెచ్చుకొనమైతిమి. ఆ పొరపాటు మనస్సును తొలుచుచుండుటచే, చిత్రవిద్యను క్రొత్తగా నేర్చువారికి మన పెద్దలెట్లు నేర్పిరో తెలిసికొనగోరి కొంత చదివితిమి, కొంత చూచితిమి. ఆ కనుగొన్నదానినే పాఠకులకు నివేదించుచున్నాము.

సంస్కృతమున చిత్రవిద్యను గూర్చిన గ్రంథములలో విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము ప్రసిద్ధమైనది. అందు వజ్రుడను రాజు ప్రశ్నించుచుండగా మార్కండేయ మహర్షి బోధించును. ప్రతిమ చేయగోరువానికి చిత్రము తెలియవలెననియు, చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, దానికి గీతము తెలియవలెననియు ఆ సంవాదమున ఒకదాని వెంట నొకటి వచ్చును. దేహము కదలెడి తీరు తెలియనివాడు దేహమును గీయజాలడని దీని తాత్పర్యముగా మేము గ్రహించితిమి. ఛాయ చూపుటకు పత్రజము, ఐరికము, బిందుజము అను మూడు వర్తనలను ఆ గ్రంథము చెప్పినది. అనగా ఆకు ఈనెలవంటి గీతలతోను, సన్నని వరుసగీతలతోను, చుక్కలతోను నీడ దింపుట. నేటి డ్రాయింగు మాస్టరు పెన్సిలుతో నేర్పెడి షేడింగు సీమనుండి దిగివచ్చిన వింత యేమియు కాదు. కామసూత్రములకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగమని ఆరంగములను పేర్కొనెను. ఇందు రంగుల కూర్పు కడపట నుండుట గమనింపదగినది. మన పిల్లలకు మనము మొదట కొనియిచ్చునది రంగుల డబ్బాయే!

శాస్త్రము నట్లుంచి, ఆచరణము చూడవలెనన్న దూరము పోనక్కరలేదు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలయందు నకాషీలను చిత్రకారులు తరతరములుగా పటములు వ్రాయుచున్నారు. ఈ పటములు గోడలకు వ్రేలాడదీయుటకై పుట్టినవి కావు. ఊరూర కథ చెప్పువారి కొరకు పుట్టినవి. కాకిపడగలవారు ముదిరాజులకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు, కూనపులివారు పద్మశాలీలకు ఆయా కులపురాణములను పటము విప్పి చూపుచు గానము చేయుదురు. సిరిసిల్ల ప్రాంతపు నేతవారు వినెడి కూనపులివారి కథ మార్కండేయ పురాణము. రాజునకు చిత్రసూత్రమును బోధించినవాడును, సాలెవారు తమ మూలపురుషుడని కొలుచువాడును ఆ మార్కండేయుడే యగుట ఎంత ముచ్చట! గ్రంథమొక దారిని, పటమొక దారిని పోయినవి గాని, రెండింటికిని ఆచార్యుడొక్కడే.

నకాషీ యింట పుట్టిన పిల్లవాని మొదటి పాఠము బొమ్మ గీయుట కాదు, గుడ్డ సిద్ధపరచుట. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల పిండి, బంకనీరు కలిపి పూయుదురు. ఒక పూత ఆరిన పిమ్మట మరియొకటి. ఇట్లు మూడు పూతలు. పూత పలుచనైన రంగు పీల్చుకొనును. మందమైన పటము చుట్టునప్పుడు పగులును. ఆ మేర చేతికి తెలియువరకు కుంచె ముట్టుట లేదు. పిదప ఉడుత వెండ్రుకల కుంచెతో సరాసరి గుడ్డమీదనే రూపములు గీయుదురు. ఆపై నేలకంతకును ఇటుకవన్నె యెరుపు, అటుపిమ్మట దేహములకును వస్త్రములకును తగిన రంగులు, చిట్టచివర నల్లని సన్నగీత. గుల్లలు నూరిన తెలుపు, దీపపు మసితో నలుపు, ఇంగిలీకముతో ఎరుపు – ఇవి పూర్వము వారు తామే చేసికొనిన రంగులు. మూరెడు పైబడిన వెడల్పును, నలువది యరువది అడుగుల నిడివియు గల పటములు వ్రాసిన చేతులవి.

ఇట్టి క్రమము మన దేశమునకే చెల్లినదనుకొనరాదు. 1400 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు సంప్రదాయమునకు చెందిన చెన్నీనో చెన్నీని తన కళాగ్రంథమున, శిష్యుడు మొదట చిన్న పలకమీద రేఖాభ్యాసము చేయవలెననియు, పిదప గురువు నింట రంగులు నూరుట, జిగురు కాచుట, పలకకు సుద్ద పూయుట నేర్వవలెననియు చెప్పెను. చింతగింజల పూతయు, ఇటలీవారి సుద్దపూతయు ఒక్క పాఠమునే చెప్పుచున్నవి: నేల కుదరక గీత కుదరదు.

అయినను ఈ గురుకులపద్ధతిని కేవలము పొగడి విడుచుట న్యాయము కాదు. విద్య కొన్ని కుటుంబముల గడప దాటలేదు. వ్రాయువాడొక కులము, చెప్పువాడొక కులము, వినువాడొక కులము. ఈ మూటిలో నొకటి సడలగానే తక్కినవియు సడలినవి. సినిమాయు, తరువాత టెలివిజనును వచ్చి కథకుల పోషణము తగ్గగా పటము వ్రాయించువారు అరుదైరి. శిథిలమైన పటమును నీట కలుపుట ఆచారమగుటచే పాతవియు మిక్కిలి మిగులలేదు. నేడు భౌగోళిక సూచిక గుర్తింపు లభించి, అలంకారమునకు కొనువారు ఏర్పడుటచేతను, స్త్రీలును కుంచె పట్టుటచేతను ఆ విద్య నిలిచియున్నది. కాని కొద్ది కుటుంబములయందే.

పందొమ్మిదవ శతాబ్దమున రెండవ దారి వచ్చినది. మద్రాసులో 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు కళాపాఠశాల స్థాపించెను. బొంబాయిలో 1857లో జె. జె. పాఠశాల వెలసెను. అచ్చట కులము నడుగక విద్య చెప్పిరి. ఇది సామాన్యమైన మేలు కాదు. దూరమున నున్నది చిన్నదిగా కనుపించుట, వెలుగు ఒక వైపునుండి పడుట, అస్థిపంజరముపై కండ నిలుచుట – ఇవి క్రమముగా నేర్పబడెను. కాని బోధన యంతయు సీమనుండి వచ్చిన సున్నపు బొమ్మలను, అచ్చుపటములను నకలు చేయుటలో గడచెడిది. కలకత్తా పాఠశాలాధిపతియైన హేవెలు భారతీయ చిత్రములను పాఠములుగా పెట్టదలచినప్పుడు మొదట నిరసించినవారు మన విద్యార్థులే. తమకు తక్కువరకము చదువు చెప్పుచున్నారని వారు తలచిరి. పరుల కండ్లతో తన్ను తాను చూచుకొనుట యెంత బలమైన అలవాటో దీనివలన తెలియుచున్నది.

ఆ రెండు దారులును కలిసిన చోటు రాజమహేంద్రవరము. అచ్చటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే, పాఠములయందు మనసు నిలువక బొమ్మలు గీయుచుండెడి దామెర్ల రామారావను బాలుని గుర్తించి, తీరిక వేళల తానే నేర్పి, బొంబాయికి పోవుటకు తోడ్పడెను. 1897లో జనించిన రామారావు 1925లో మశూచిచే మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండీ నిండని జీవితము. ఆ స్వల్పకాలముననే గోదావరీతీరపు స్త్రీపురుషులను, పశువులను, పచ్చికను తెలుగు రేఖలో నిలిపి, రాజమహేంద్రవరమున కళాశిక్షణమునకు పాదు వేసెను. ఆయన భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులగుట మా దృష్టిలో ఆయన చిత్రములంతటి గొప్ప విషయము. ఒక అధ్యాపకుడు ఒక పిల్లవాని గీతలను చూచి కోపింపకుండుటవలన ఒక యిల్లును, ఒక పట్టణమును చిత్రశాలలైనవి. ఈ కథ చదివినపుడెల్ల మేము లాగికొనిన లెక్కల పుస్తకము జ్ఞప్తికి వచ్చును.

నకలు చేయుట మాత్రము కేవలము దోషమా? కాదు. 1909 మొదలు 1911 వరకు హెరింగుహాం దొరసాని నాటి హైదరాబాదు రాజ్యములోనున్న అజంతా గుహలకు వచ్చి కుడ్యచిత్రములకు ప్రతులు తీయించెను. ఆమెకు తోడుగా వచ్చిన యువకులలో నందలాల్ బోసు ఒకడు. ఆయన ఆ గోడల ముందు నిలిచి రేఖను నేర్చి, శాంతినికేతనమున ఆచార్యుడయ్యెను. ఓరుగల్లు సీమవాడైన కొండపల్లి శేషగిరిరావు ఆయన కడ చదివి వచ్చి, హైదరాబాదులో ఎందరికో నేర్పెను. అజంతా గోడ మొదలు మన హైదరాబాదు విద్యార్థి వరకు ఒకే గీత సాగివచ్చినట్లు తోచుచున్నది. ఉత్తమమైనదాని నకలు చేయుట గురుసేవ. చేతికందిన అచ్చుబొమ్మ నెల్ల నకలు చేయుట కాలహరణము.

మన జిల్లాల పేళ్లును తక్కువవి కావు. 1915లో అన్నారమున పుట్టిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయి జె. జె. పాఠశాలలో చదివి అఖిల భారత ఖ్యాతి గడించెను. సిద్దిపేటవాడైన కాపు రాజయ్య డ్రాయింగు మాస్టరుగా జీవించుచునే బోనములను, బతుకమ్మను, వడ్డెరలను చిత్రించి, నకాషీల సరళరేఖకు నూతన గౌరవము తెచ్చెను. 1942లో బూరుగుపల్లెలో జన్మించిన తోట వైకుంఠము హైదరాబాదులోను బరోడాలోను చదివినను, చిత్రించినది చిన్ననాట చూచిన పల్లె మనుష్యులనే: పెద్ద బొట్టు, నల్లని మేను, ఎర్రని చీర. దూరము పోయి నేర్చిరి. తిరిగివచ్చి వాకిలి చూచిరి.

ఈ చరిత్రనుండి క్రొత్తగా నేర్చువారికి మేము తీయగలిగిన క్రమమిది. మొదట బొగ్గును, పలకయు చాలును. భుజము కదలించి నిడుపైన గీతలు, వలయములు రోజు కొక ఘడియ గీయవలెను. మనికట్టుతో గీసినది వణకును. పిదప ఇంటిలోని బిందెను ఎదుట నుంచుకొని, చేయి సాచి, ఒక కన్ను మూసి, పుల్లతో దాని యెత్తును వెడల్పును కొలిచి గీయవలెను, ఇదియే ప్రమాణము. అటుపై కన్నులు సగము మూసి చూచినచో వెలుగు నీడలు విడిపోవును. అప్పుడు ఛాయ దింపవలెను. నడచుచున్న ఎద్దును, కవ్వము త్రిప్పు తల్లిని త్వరత్వరగా గీయుట భావాభ్యాసము. రంగు చివరకు, అదియు ఎరుపు, పసుపు, నీలము మూటితో మొదలిడి, తక్కినవి కలిపి చూచుకొనవలెను. చెరిపెడి రబ్బరు తొలి నెలలయందు దగ్గర నుండకుండుట మేలు. తప్పిన గీత ప్రక్కనే ఒప్పైన గీత వేసినచో రెండును గురువులగును.

దీనికి ధనము వలదు. ఇంటివారి సమ్మతి వలయును. కూతురు ముగ్గు పెట్టిన వేళ ఒక నిముషము నిలిచి చూడుడు. కొడుకు పుస్తకపుటంచున గీసిన బొమ్మకు కోపింపక, వేరొక కాగిత మిండు. చేర్యాల పటమును కొనువారు దానిని వ్రాసిన చేతిని సైతము గౌరవింపుడు. మేమును మా తరగతిలో శనివారము కడపటి గంటను ఇందుకై విడిచితిమి. మొదటి వారము బల్లమీద బిందె నుంచి గీయుమనగా, బాలురందరు తమకు రాదనిరి. వెనుక వరుసలోని ఒక బాలిక మాత్రము లేచి, "అయ్యవారూ, ముందు చుక్కలు పెట్టుకోవచ్చునా?" అని యడిగెను. పెట్టుకొనుమంటిమి. బిందె కుదిరినది.