మూడు దినముల తీర్పు

సోమవారము ఉదయమున తరగతిలో అడుగు పెట్టునప్పుడు మా విద్యార్థుల సంభాషణ కొంత చెవిని బడుచుండును. క్రొత్తగా వచ్చిన చలనచిత్రమును గూర్చియే వారి చర్చ. కథ యెట్టిది, నాయకుడు చేసినది ధర్మమా యధర్మమా, పాటలు వినదగినవా కావా యను ప్రసంగము అరుదు. శుక్ర, శని, ఆదివారములలో ఎన్ని కోట్లు వసూలైనవి, దర్శకుడెంత వ్యయము చేసెను, ఎవరి చిత్రము ఎవరి చిత్రమును మించెను అనునవియే ప్రశ్నలు. తానొక్క రూపాయియైన పెట్టుబడి పెట్టని వ్యాపారము యొక్క లాభనష్టములను పదునాలుగేండ్ల బాలుడు కంఠస్థము చేసియున్నాడు. వానిని మందలింప మాకు నోరాడలేదు. ఇంటిలో పెద్దలును ఆ మాటలే యాడుచున్నారు గదా! ఈ యలవాటు ఎక్కడ పుట్టి యెట్లు పెరిగెనో విచారించుట మేలని తలచి యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

దీని పుట్టినిల్లు అమెరికా. అచ్చట 1970 ప్రాంతము వరకును పెద్ద చిత్రములలో పెక్కింటిని మొదట న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ వంటి మహానగరములలో కొలది శాలలయందే ప్రదర్శించి, పిమ్మట క్రమక్రమముగా చిన్న పట్టణములకు పంపెడివారు. చూచినవారు చూడనివారికి చెప్పగా ఆ మాట చిత్రముకన్న ముందుగా ఊరు చేరెడిది. వసూళ్ల లెక్కలు వర్తకుల పత్రికలలో పడెడివేగాని గృహస్థులకు వానితో నిమిత్తము లేకుండెను.

ఈ పద్ధతిని మార్చిన చిత్రములలో ముఖ్యమైనది 1975 జూన్ 20వ తేదీన విడుదలయైన ‘జాస్’. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికి ఇరువది యెనిమిదేండ్లవాడు. చిత్రీకరణ 55 దినములలో ముగియునని తలపగా 159 దినములు పట్టెను. యంత్రముతో చేసిన సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికి చెడిపోయెను. సుమారు 40 లక్షల డాలర్లనుకొన్న వ్యయము 90 లక్షలకు చేరెను. నిర్మాణసంస్థవారు టెలివిజనులో విరివిగా ప్రకటనలిచ్చి, నాలుగువందలకు పైగా శాలలలో ఒక్కనాడే ప్రదర్శింపజేసిరి. మూడు దినములలో సుమారు 70 లక్షల డాలర్లు వచ్చినవి. అంతటితో దర్శకుడు హద్దు మీరిన సంగతి యెల్లరును మరచిరి. చిత్రము గెలిచినచో దుబారా సాహసమగును. ఓడినచో సాహసమే దుబారా యగును.

ఈ రెండవ పక్షమునకు నిదర్శనము మైకేల్ చిమినో. ‘ది డీర్ హంటర్’ అను చిత్రమునకు 1979 ఏప్రిలులో ఉత్తమ దర్శకుడుగా ఆస్కారు బహుమానమందిన యీతడు, ఆ మాసముననే మొంటానా కొండలలో ‘హెవెన్స్ గేట్’ చిత్రీకరణ మారంభించెను. 1890 దశాబ్దిలో వయోమింగు రాష్ట్రమున పశువుల ఆసాములకును, వలసవచ్చిన పేదలకును జరిగిన కలహము దాని యితివృత్తము. సొమ్ము పెట్టినది యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ. చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్ అను నలుగురు కళాకారులు, వర్తకుల పెత్తనము లేకుండ చిత్రములను జనులకందింపవలెనని 1919లో నెలకొల్పిన సంస్థయది. 1967 నుండి యది ఒక భీమా వ్యాపారసంస్థ చేతిలో నుండెను. 1978లో పాత యధికారులలో ముఖ్యులు విడిచిపోగా, వచ్చిన క్రొత్తవారు తమ సమర్థతను లోకమునకు చూపగోరి యీ దర్శకుని కోరికలకెల్ల తలయూపిరి.

ఆరు దినముల చిత్రీకరణ గడచుసరికి ఐదు దినముల పని వెనుకబడినదని ఆ సంస్థలో అధికారిగా నుండిన స్టీవెన్ బాక్ తన గ్రంథమున వ్రాసెను. కట్టించిన వీథి యిరుకుగా నున్నదని పడగొట్టించి మరల కట్టించుట వంటి పనులు జరిగినవి. 1 కోటి 16 లక్షల డాలర్లుగా నిర్ణయించిన వ్యయము తుదకు 4 కోట్ల 40 లక్షలకు చేరెను. 1980 నవంబరులో న్యూయార్కునందు ప్రదర్శింపగా విమర్శకులు నిర్దయగా ఖండించిరి. వారము తిరుగకుండ చిత్రమును వెనుకకు తీసికొనిరి. గంటకు పైగా కత్తిరించి 1981 ఏప్రిలులో ఎనిమిదివందల శాలలలో విడుదల చేయగా మొదటి మూడు దినములలో వచ్చినది 13 లక్షలు. మొత్తము 35 లక్షలు. ఆ యేడే యునైటెడ్ ఆర్టిస్ట్స్ మరియొక సంస్థకు అమ్ముడుపోయెను. ఆ యమ్మకమునకు ఈ నష్ట మొక్కటియే కారణమనరాదు. కాని దర్శకుల స్వేచ్ఛకు నాటినుండి కళ్లెము బిగిసినది.

ఆ దశాబ్దిలోనే వారాంతపు వసూళ్ల పట్టిక దినపత్రికలకును టెలివిజనుకును ఎక్కి సామాన్యుల సొత్తయ్యెను. ఆ పట్టిక యెట్లు తయారగునో తెలిసినచో మన పాఠకులకు దానియందు గౌరవము కొంత తగ్గును. ఆదివారము మధ్యాహ్నముననే మూడు దినముల మొత్తమును ప్రకటింతురు. అప్పటికి ఆదివారపు సాయంకాలపు ఆటలు ఆరంభమే కాలేదు! ఆ భాగము ఊహ. నిజమైన లెక్క సోమవారము వచ్చును. ప్రకటించు వసూలులో రమారమి సగము శాలలవారికి పోవును. బడ్జెటని చెప్పు మొత్తములో ప్రకటనల వ్యయము చేరదు. పెద్ద చిత్రములకు మొదటి వారములలో నిర్మాణసంస్థకు హెచ్చు భాగమును, వారములు గడచినకొలది శాలవానికి హెచ్చు భాగమును చెందునట్లు ఒడంబడికలు చేసికొనుట వారి వాడుక. కావున మొదటి మూడు దినముల ఆత్రుత వర్తకునిది. ఆ దినములలో వచ్చువాడు చిత్రమును చూచి మెచ్చి వచ్చినవాడు కాడు. ప్రకటన చూచి వచ్చినవాడు. ఆ యంకె ప్రకటన యొక్క బలమును, శాలల సంఖ్యను కొలుచును. చిత్రపు గుణమును కొలువజాలదు.

దీనికి సాక్ష్యములు లేకపోలేదు. జేమ్స్ కామెరాన్ 20 కోట్ల డాలర్లతో ‘టైటానిక్’ తీయుచుండగా పత్రికలు ఆ సంస్థలు మునుగుటయే తరువాయియని వ్రాసినవి. 1997 డిసెంబరులో మొదటి వారాంతమున వచ్చినది 2 కోట్ల 86 లక్షలు మాత్రమే. కాని యది పదునైదు వారములు వరుసగా మొదటి స్థానమున నిలిచి, అమెరికాలోనే 60 కోట్లు దాటెను. 1994 నాటి ‘ది షాషాంక్ రిడెంప్షన్’ శాలలలో మొదట పెట్టుబడినైన రాబట్టలేదు. పిమ్మట వీడియోలలోను టెలివిజనులోను చూచి జనులు దానిని ఆత్మీయముగా చేసికొనిరి.

మన యింటి సంగతి చూతము. చిమినో చిత్రము కూలిన 1980వ సంవత్సరముననే, ఫిబ్రవరిలో, కె. విశ్వనాథ్ ‘శంకరాభరణము’ విడుదలయ్యెను. తొలి దినములలో శాలలు వెలవెలబోయినవి. చూచినవారు ఇంటికిపోయి చెప్పిరి, ఇరుగుపొరుగు కదలిరి, ముసలివారు బండ్లు కట్టించుకొని వచ్చిరి. నెలల తరబడి ఆడి, జాతీయ బహుమానమందెను. నేటి పద్ధతియే నాడు నడచియుండినచో, సోమవారమునకు దానిని పరాజితముగా ప్రకటించి, మరుసటి శుక్రవారమునకు తెర నింకొకరికిచ్చియుందురు. ఆ తీర్పు తప్పని తెలుపుటకు ఒక్క ప్రేక్షకుడైన మిగిలెడివాడా?

2017 ఏప్రిలు చివర ‘బాహుబలి’ రెండవ భాగము అమెరికా వారాంతపు పట్టికలో మూడవ స్థానమందెను. అచ్చటి తెలుగువారు ముందురాత్రి ప్రదర్శనకే పోవుదురు గనుక, హైదరాబాదున తెల్లవారుసరికి డాలర్ల లెక్క చేతికి వచ్చుచున్నది. ఆ విజయమునకు మేమును సంతసించితిమి. కాని కోట్ల ప్రకటనలు లేని చిన్న చిత్రములకు రెండవ వారమే దొరకకుండుట మాకు దుఃఖము కలిగించుచున్నది.

లెక్క వలదని మేమనము. దర్శకుడు వ్యయము చేయునది పరుల ధనము. మితిమీరినచో దీపాలు మోయు కూలివాని మొదలు పలువురి జీవనము చెడును. చిమినో దోషము లేనివాడనుట సత్యము కాదు. ఆ లెక్క సొమ్ము పెట్టినవాడు చూచుకొనవలెను. ప్రేక్షకుని లెక్క వేరు. 2012లో ‘హెవెన్స్ గేట్’ దాదాపు పూర్తి నిడివితో వెనిసు ఉత్సవమున మరల ప్రదర్శింపబడగా పలువురు దానిని మెచ్చుకొనిరి. దాని వసూలంకె యేమియు మారలేదు. చూచిన కన్నులు మారినవి.

గడచిన సోమవారము మా తరగతిలో ఒక బాలుడు తన యభిమాన నాయకుని చిత్రమునకు వచ్చిన కోట్లను గర్వముతో చెప్పెను. “మంచిది నాయనా, అందులో నీకు నచ్చిన ఘట్టమేది?” అని యడిగితిమి. వాడు కొంతసేపు తల వంచుకొని ఆలోచించి, తల్లి కొడుకు కొరకు అన్నము దాచి యుంచిన చోటని చెప్పెను. తరువాత తరగతి యంతయు మాటాడినది. ఆ గంటలో కోట్ల మాట మరల రాలేదు.